బీరయ్య కప్పు మీది ఏరియల్

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా రేడియో కొన్నవాడు మనుషుల్నే ఎరగడు. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఈ సంగతి అందరికంటే బాగా తెలిసిన మనిషి శేషారత్నం. ఆ కొన్నవాడు ఆవిడ మొగుడే మరి!

అమరేశ్వరరావు గారు సచివాలయంలో గుమాస్తా. సొంతూరు తెనాలి. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు కర్నూలు నుంచి ఫైళ్లతో పాటు హైదరాబాదు వచ్చారు. అరవై రెండులో ఆబిడ్స్‌లో రేడియో కొని, రిక్షాలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చారు. పోస్టాఫీసులో లైసెన్సు తీసుకుని, ఆ కాగితానికి పటం కట్టించి దేవుడి పటాల వరసలో తగిలించారు. రేడియో మీదకి కుచ్చుల గుడ్డ కుట్టింది శేషారత్నమే అయినా, ఆ గుడ్డ ఎత్తే అధికారం ఆవిడకి లేదు. అది అయ్యగారి సొంత శాఖ.

ఏరియల్ తీగ పొడుగ్గా లాగితేగానీ స్టేషన్లు పలకవన్నాడు షాపువాడు. వీళ్ల డాబా చూస్తే నాలుగు అడుగులు వేసేసరికి అయిపోతుంది. గల్లీకి అవతలి పక్క గూనపెంకుల ఇల్లు బీరయ్యది. బేగంబజార్‌లో మూటలు మోస్తాడు. అడిగిన మరునిమిషంలో ఇంటి మీదికెక్కి, వెదురు బొంగు పాతి, తీగ రెండో కొస దానికి కట్టేశాడు. ఆ ఎక్కడంలో రెండు పెంకులు పగిలాయి. "పోనియ్యి సారూ, గూనలే గద" అని నవ్వి ఊరుకున్నాడు. అమరేశ్వరరావు గారు కూడా పెద్ద మనసు చేసుకుని ఊరుకున్నారు.

అప్పట్నుంచీ రోజూ సాయంత్రం ఏడయ్యేసరికి బీరయ్య, అతని భార్య పోశవ్వ, గల్లీలో ఇంకో అయిదారుగురు వచ్చి చాప మీద కూర్చునేవారు. కాళ్లు కడుక్కుని రావాలి. వార్తలప్పుడు మాట్లాడకూడదు. నాటకంలో దగ్గకూడదు. రేడియో వేడెక్కి ఆకుపచ్చ దీపపు కన్ను తెరిచేదాకా అయ్యగారి మొహం వంకే చూస్తూ ఉండాలి. ఇక అయ్యగారు మాత్రం నాటకం మొదలు నుంచీ చివరిదాకా మాట్లాడుతూనే ఉంటారు. "అదిగో, ఇప్పుడు నవ్వాలి. ఎందుకు నవ్వాలో చెప్తా వినండి" అని ఆయన విడమరిచి చెప్పేలోపు రేడియోలో నవ్వు అయిపోయి ఏడుపు మొదలయ్యేది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా?

శేషారత్నానికి ఆ నాటకాలతో పెద్ద పనిలేదు. ఆవిడకి కావలసింది పక్కన పోశవ్వ. ఈ ఊరొచ్చిన రెండో ఏడు ఆవిడకి టైఫాయిడ్ వస్తే, ఆయన ఆఫీసు పనిమీద పైఊళ్లో ఉన్నారు. పోశవ్వ రిక్షాలో వేసుకుని పెద్ద దవాఖానకి తీసుకెళ్లి, తొమ్మిది రోజులు మంచం పక్కన కూర్చుంది. తోబుట్టువు కూడా అంత చెయ్యదు. దానికి బదులుగా శేషారత్నం చెయ్యగలిగింది ఒక్కటే. పోశవ్వ ఊళ్లో ఉన్న తల్లికి కార్డులు రాసిపెట్టేది. ఆ చేతిరాత గల్లీ అంతటికీ తెలుసు. పోస్టుమాన్ కూడా ఆగి చూసేవాడు.

వారం వారం గురువారం సాయంత్రం రేడియోలో శ్రోతల ఉత్తరాలు చదివేవారు. వాటిలో తన పేరు వినపడాలని అమరేశ్వరరావు గారికి కోరిక పుట్టింది. ఆయన రాత ఆయనకే అర్థం కాదు కనక, ఆఫీసులో స్టెనోకి చెప్పినట్టు చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతూ చెప్పారు, శేషారత్నం రాసింది. మొదటి పేరాలో నాటకాలకి పొగడ్త. రెండో పేరాలో వార్తలు చదివేవారికి ఉచ్చారణ మీద సలహాలు. మూడో పేరాకి వచ్చేసరికి ఆవిడ కలం ఆగింది.

"ఇది ఎందుకండీ? పాపం, వాళ్లు..."

"నువ్వు రాయవే! నీకేం తెలుసు, భాష సంగతి."

రాసింది. ఆయన చదివి చూడలేదు. సంతకం పెట్టడమే గానీ చదవడం ఆయన ఉద్యోగధర్మంలో లేదు. ఆ మూడో పేరా వదిలేసినా ఆయనకి జన్మలో తెలిసేది కాదని శేషారత్నానికి ఉత్తరం పోస్టు డబ్బాలో పడేశాక తట్టింది. మొగుడు చెప్పింది రాయడం అంత అలవాటైపోయింది ఆ చేతికి!

ఇక ప్రతి గురువారం ఇంట్లో ఉత్సవమే. "ఇవాళ నా ఉత్తరం వస్తుంది" అని గల్లీనంతా పిలిచి, భార్య చేత పకోడీలు వేయించేవారు. మొదటి గురువారం రాలేదు. రెండోది రాలేదు. మూడోది కూడా రాలేదు. ఆయన మొహం వేలాడుతుంటే శేషారత్నం లోపలికెళ్లి దేవుడికి దండం పెట్టుకునేది. నాలుగో గురువారం ఆయన ఆఫీసు నుంచి లక్ష్మణరావు గారిని కూడా సాక్షిగా వెంటపెట్టుకొచ్చి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చోబెట్టారు.

ఏడూ పావుకి రేడియోలో ఆడగొంతు మెత్తగా పలికింది.

"హైదరాబాదు, నాంపల్లి నుంచి శ్రీ అమరేశ్వరరావు గారు రాశారు. ముందుగా ఒక మాట. ఈ ఉత్తరంలో అక్షరాలు ముత్యాలు పేర్చినట్టున్నాయి. ఇంత చక్కటి చేతిరాత మేం చూసి చాలా రోజులైంది."

అమరేశ్వరరావు గారు ఆ ముత్యాలు తనవే అన్నట్టు తల పంకించారు. కానీ చాప మీద వాళ్లందరూ తిరిగి చూసింది శేషారత్నం వైపు. పోశవ్వ అయితే ఆనందం పట్టలేక ఆవిడ భుజం మీద ఒక్కటి చరిచింది.

"మా రత్నమ్మ రాత! రేడియోల చెప్పిన్రు సూడున్రి!"

మూడో పేరా రాబోతోందని శేషారత్నానికి తెలుసు. నేల ఇంత గట్టిగా ఎందుకుందిరా భగవంతుడా, కాస్త చీలరాదా అనుకుంది. నేల చీలలేదు. రేడియో మొదటి పేరా చదివింది, రెండో పేరా చదివింది. తర్వాత అదే మెత్తటి గొంతుతో మూడోది కూడా చదివేసింది.

"మీరు ప్రసారం చేసే 'ఊరి ముచ్చట' కార్యక్రమంలోని మోటు భాష వినలేకపోతున్నాం. మా ఇంటికి రోజూ సాయంత్రం మూటలు మోసుకునే చదువురాని జనం వచ్చి కూర్చుంటారు. వాళ్ల మాటలు భరించడమే మాకు శిక్షగా ఉంది. ఆ భాషే రేడియోలో కూడా వినాలా? దయచేసి ఆ కార్యక్రమాన్ని ఆపివేయవలసిందిగా కోరుతున్నాను." ఒక్క క్షణం ఆగి, "మీ సూచన పరిశీలిస్తాం అమరేశ్వరరావు గారూ" అంది.

"భేష్!" అన్నారు కుర్చీలోంచి లక్ష్మణరావు గారు. ఆయన నోట్లో పకోడీ ఉంది.

చాప మీద ఎవరూ కదల్లేదు. పోశవ్వ చెయ్యి ఇంకా శేషారత్నం భుజం మీదే ఉంది. నెమ్మదిగా తీసేసింది. కొంగు సర్దుకుని లేచి, చేతిలో సగం తిన్న పకోడీని పళ్లెంలో తిరిగి పెట్టింది.

"నల్లా నీళ్లొచ్చే యాళైంది. పోతం సారూ" అన్నాడు బీరయ్య. గొంతులో కోపం లేదు.

"అదేవిటయ్యా, నాటకం ఉందిగా! ఇవాళ్టిది హాస్యం. నేను చెప్తే గానీ మీకు అర్థం కాదు."

అందరూ వెళ్లిపోయారు. వాళ్లెందుకు వెళ్లిపోయారో ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. ముత్యాల మాట దగ్గరే ఆయన చెవులు ఆగిపోయాయి, మూడో పేరా వాటికి ఎక్కనే లేదు. పొగడ్త ఒక్కటే గుర్తుంది.

మర్నాడు శేషారత్నం విడమరిచి చెప్పాక ఆయనకి బెంగ పట్టుకుంది. ఎవరి మీద అనుకున్నారు? తీగ మీద. బీరయ్య బొంగు పీకేస్తాడేమోనని పొద్దునా సాయంత్రం డాబా ఎక్కి కాపలా కాశారు. బీరయ్య దాన్ని ముట్టలేదు. ముట్టి ఉంటే హాయిగా ఉండేది, తిట్టడానికి ఓ కారణం దొరికేది. మూడు రోజులు ఆయన ఒక్కరే కూర్చుని నాటకంలో ఎక్కడ నవ్వాలో గోడకి వివరించారు. ఆ గోడ మాత్రం ఎంత వింటుంది?

నాలుగో రోజు మధ్యాహ్నం శేషారత్నం గల్లీ దాటింది. పోశవ్వ అరుగు మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

"అక్కా, ఆయన చెప్పారు, నేను రాశాను" అంది శేషారత్నం. "రాయకుండా వదిలేసినా ఆయనకి తెలిసేది కాదు. అయినా రాశాను. నన్ను తిట్టు, కొట్టు. ఇలా మాట్లాడకుండా మాత్రం ఉండకు. నాకు ఈ ఊళ్లో నువ్వు తప్ప ఎవరున్నారు?" అనేసరికి ఏడుపొచ్చేసింది.

పోశవ్వ రాయొకటి ఏరి పక్కకి విసిరింది.

"సారన్నదానికి నాకేం బాధ లేదు. ఆయన మోటోళ్లన్నడని మేం మోటోళ్లమైతమా? గని రత్నమ్మా, నీకొక ముచ్చట చెప్త. మొన్న బోనాలకు ఊరికి పోయిన. మా అమ్మ ఏమన్నదో ఎర్కేనా? 'బిడ్డా, నీ కార్డులు పంతులు చదివి వినిపిస్తడు. అంత మంచిగనే ఉంటది గని అండ్ల నువ్వుండవు' అన్నది."

నాలుగేళ్ల కార్డులన్నీ శేషారత్నం కళ్ల ముందు తిరిగాయి. "అమ్మా, పానమెట్లున్నదే, యాదికొస్తున్నవే" అని పోశవ్వ చెప్పేది. "మేమిక్కడ క్షేమం. నీవక్కడ క్షేమముగా నున్నావని తలచెదను" అని తను రాసేది. సాయం చేస్తున్నాననుకుంది. శుభ్రంగా తెలుగులో పెడుతున్నాననుకుంది! మొగుడు ఒక్క పేరాలో చేసిన పని తను నాలుగేళ్ల పాటు ముత్యాల్లాంటి అక్షరాలతో చేసింది.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"నీ మనసు నొస్తదని చెప్పలె."

అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది. కాసేపటికి పోశవ్వే చాట పక్కన పెట్టింది.

"ఏడ్సుడు బంద్ చెయ్యి. లోపలికెళ్లి కార్డు తెస్త. రేడియోళ్లకు నేను రాయాలె. చెప్పింది చెప్పినట్టు రాయి. ఒక్క అచ్చరం మార్చినా నాకెర్కైతది."

శేషారత్నం రాసింది. 'గిది' అన్న చోట ఆవిడ చెయ్యి పాత అలవాటు కొద్దీ ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది. పోశవ్వ ఏం చెప్పిందో గురువారం దాకా ఆ ఇద్దరికే తెలుసు.

ఈసారి మూడు గురువారాలు కాచుకోనక్కర్లేకపోయింది. మరుసటి గురువారమే శేషారత్నం పోశవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. అవతల అమరేశ్వరరావు గారు ఎవరైనా వస్తారేమోనన్న ఆశతో కిటికీ తెరిచి రేడియో గట్టిగా పెట్టారు. అదే ఆడగొంతు గల్లీ దాటి వచ్చింది.

"నాంపల్లి నుంచి పోశవ్వ గారు రాశారు. మళ్లీ అవే ముత్యాల్లాంటి అక్షరాలు! 'అమ్మా, మా గల్లీ సారొకాయన ఊరి ముచ్చట బంద్ చెయ్యుమని రాసిండు. బంద్ చెయ్యకున్రి. దినమంత మూటలు మోసి ఇంటికొచ్చినంక మా మాట మాకు ఇనబడితే పానం జర నిమ్మళమైతది...'"

ఠక్కుమని గొంతు ఆగిపోయింది. ఆ ముత్యాలు ఎవరివో ఈసారి అమరేశ్వరరావు గారికి కూడా అర్థమైనట్టుంది. రేడియో కట్టేశారు.

"అయ్యో, మిగిలింది!" అంది శేషారత్నం.

"ఫికర్ చెయ్యకు. చెప్పింది నేను. నాకు నోటికి రాదా ఏంది?"

పోశవ్వ లేచి గల్లీ మధ్యకొచ్చి నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని కిటికీ వైపు తిరిగింది.

"సారు రేడియ తీగె మా ఇంటి మీది బొంగుకే కట్టి ఉన్నది. మా బీరయ్య కట్టిండు. సారు ఇనే మంచి మాటలు, మా మోటు మాటలు అన్నీ మా కప్పు మీది నుంచే సారింట్లకు పోతున్నయి. తీగె ఒక్కనాడు గూడ గిది మోటు మాట, నేను మొయ్య అనలే. తీగెకు లేని ఫరక్ సారుకెందుకున్నది? గింతే. చెప్పింది పోశవ్వ. చెప్పింది చెప్పినట్టు రాసింది మా శేషారత్నం."

కిటికీలోంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ ఇంట్లో రేడియో వచ్చాక అమరేశ్వరరావు గారు మధ్యలో మాట్లాడకుండా చివరిదాకా విన్నది అదొక్కటే.