పేస్టులోని ప్రాణులు

తిమ్మప్ప నోరు తెరిచి గోవిందా అంటే చాలు, చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. పది రోజుల్లో దీక్ష. ఏటా గద్వాల నుంచి తిరుమల స్వామికి పోయే జోడు పంచెలు నేయడానికి ఈసారి అతన్నీ మగ్గం ఎక్కిస్తున్నారు. ఇరవై ఏళ్ల ఎదురుచూపు. పంచె మీద ఒక్క ఎర్రచుక్క పడిందా, మగ్గం దిగి ఇంటికి రావాల్సిందే.

ఈ కష్టం చెవిన పడగానే బామ్మర్ది సుధాకర్ వాలిపోయాడు. మొన్నటిదాకా నడుంనొప్పి బెల్టులు అమ్మినవాడు, ఇప్పుడు టూత్‌పేస్టు పట్టుకొచ్చాడు. వాడి సంచిలో సరుకు మారుతుంది గాని నోట్లో మాట మారదు.

“బావా, గిది ప్రోబయోటిక్. కోట్ల మంచి బ్యాక్టీరియా గిండ్ల బతికుంటది. నీ నోట్ల కాపురం పెట్టి చెడ్డదాన్ని ఎల్లగొడ్తది. తోమినంక పుక్కిలించకు, కొట్టుకపోతది.”

తిమ్మప్ప ఆరు రోజులు పుక్కిలించకుండా తోమాడు. పొద్దంతా పుదీనా వాసన, మధ్యమధ్య రక్తం. కాపురానికొచ్చినవాళ్లు ఏం వెలగబెడుతున్నారో దేవుడికే తెలియాలి.

ఏడో రోజు అతని భార్య భాగ్యమ్మకు అనుమానం వచ్చింది. “దీక్షల నీసు ముట్టొద్దు గద తమ్మీ. బతికున్నయి మింగితే నీసు గాదా?”

సుధాకర్ పరేషాన్ అయ్యాడు. బయటికి పోయి కంపెనీకి ఫోన్ చేసి, వెలిగిపోతూ వచ్చాడు. “ఫికర్ లేదక్కా! తయారు జేసేటప్పుడే అన్నీ సచ్చిపోయినయట.”

“అయ్యో! ఆరొద్దుల సంది నోట్ల పీనుగులను పెట్టుకొని తిరిగితివా?” అంది భాగ్యమ్మ భర్తతో. “ఇగ మైల గూడ పట్టె!”

తిమ్మప్పకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. నేరుగా దవాఖానకు పోయాడు. పళ్ల డాక్టరమ్మ అరగంటలో ఏళ్లనాటి గారంతా గీకి పడేసింది. “ఇంత గార పెట్టుకొని ఏ పేస్టు రాస్తే ఏం లాభమయ్యా?” అని మందలించింది. మగ్గమెక్కే నాటికి రక్తం ఆగింది.

దీక్ష ఐదో నాడు భాగ్యమ్మ మగ్గం ఇంటి గడప దగ్గరికొచ్చి ఫోన్ చూపించింది. సుధాకర్ వాట్సాప్ స్టేటస్‌లో తిమ్మప్ప ఫొటో, కింద రాత: “స్వామి పంచెలు నేసే మా బావ చిగుళ్లను కాపాడింది మా పేస్టే.”

తిమ్మప్పకు ఒళ్లు మండింది. పళ్లు పటపటా కొరికాడు. రక్తం రాలేదు. బూతులు మాత్రం నాలుక చివరిదాకా వచ్చాయి.

“దీక్షల తిట్టరాదు,” అన్నాడు నిస్సహాయంగా.

“నాకు లేదు గద దీక్ష,” అంటూ భాగ్యమ్మ తమ్ముడికి ఫోన్ కలిపింది.