వంశవృక్షంలో చచ్చినవాడు

తీర్పు నకలు చేతికి వచ్చేసరికి అప్పీలు గడువు నాలుగు రోజులే మిగిలింది. మదనపల్లె మునసబు కోర్టు కృష్ణప్ప దావా కొట్టేసింది. చౌడేపల్లె పక్కన, రెండు చేల నడిమి గట్టు మీదున్న బావి మొత్తం పొరుగు చేని గంగులప్పదేనని తేల్చింది. ఆ బావి నీళ్లు రాకపోతే కృష్ణప్ప మడి ఒట్టి బీడే.

"ఈ ముక్క విను," అని వకీలు వరదరాజులు కళ్లద్దాలు సర్దుకున్నాడు. "బావి తవ్వించింది వాది తండ్రేననడానికి కళ్లారా చూసిన సాక్షి ఒక్కడూ రాలేదంట. ఇదే నిన్ను ముంచింది."

"సిత్తూరు జడ్జి కాడ పెడదాం సామీ. ఊరంతా తోలుకొస్తా."

"అప్పీలంటే తిరునాళ్లనుకుంటివా? కింద కోర్టు కాగితాలే పై జడ్జి చూసేది. కొత్త సాక్షి కావాలంటే, ముందే యాల పిలవలేదో ప్రమాణం చేసి రాసియ్యాల. అట్లాంటోడు ఉండాడా?"

ఉన్నాడు. బావి తవ్వినప్పుడు మన్ను తట్టలకెత్తి మోసిన, కృష్ణప్ప చిన్నాయన కొడుకు మునెప్ప. ఇరవై ఏళ్ల కిందట మతం మారి శామ్యూల్ అయ్యాడు. ఆ వారమే కృష్ణప్ప తండ్రి అతని పేరున నీళ్లు వదిలి, పదకొండో రోజు ఊరికి భోజనాలు పెట్టాడు. నీళ్లు వదిలించుకున్న మనిషి ఇప్పుడు ఈ మదనపల్లెలోనే, మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరు.

కృష్ణప్ప నసుగుతూ ఆ పేరు చెప్పాడు. వరదరాజులు దావా కాగితాలు తిరగేసి, ఒకచోట వేలు పెట్టి ఆగిపోయాడు.

"నీ వంశవృక్షంలో మునెప్ప సంతానం లేకుండా చనిపోయినాడని ఉండాది గదప్పా. ఇదంతా నిజమని కింద సంతకం నీదే."

"మా ఇంటికి వాడు సచ్చినట్టే సామీ. కర్మ గూడా చేస్తిమి."

"మీ ఇంట్లో చస్తే కోర్టులో చస్తాడా? మతం మారితే ఉమ్మడి ఆస్తిలో పాలు పోదు. వాడు బతికుంటే నీ బావిలో సగం వాడిది. అందుకే చంపితివి."

వరదరాజులు ఆస్పత్రికి కబురు పంపాడు.

కబురు అందుకుని మధ్యాహ్నం శామ్యూల్ వచ్చాడు. కృష్ణప్ప కూర్చున్న బల్ల మీద కాకుండా, వకీలు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సచ్చినోడితో ఏం పనిబడింది?"

వకీలు అంతా చెప్పాడు.

"మన్ను మోసింది నిజమే. ఆ మాట చెప్తా. అయితే నేను బతికుండేది తెలిసే సచ్చినానని రాయించినట్టు అతను ఒప్పుకుని రాసియ్యాల."

"తెలీక రాసినానని పెట్టండి సామీ," అన్నాడు కృష్ణప్ప.

"నిరుడు నీ కూతురికి జొరమొస్తే మందు కలిపిచ్చింది ఎవురు? కిటికీలోంచి సీసా తీసుకుంటివే, నా మొగం సూడకుండా. దెయ్యం ఇచ్చిందనుకుంటివా?"

"అది వేరే."

"వేరే అయితే నేను పోతా. గంగులప్పకు సల్లగా ఉంటాది."

కృష్ణప్ప మనసులోనే లెక్క వేశాడు. గంగులప్పకు మొత్తం పోవడమా, వీడికి సగం పోవడమా. మడిలో వరి పొట్ట మీదుంది, వారం నీళ్లు ఆగితే తాలే.

వరదరాజులు రాసి, చదివి వినిపించి, కాగితం ముందుకు తోశాడు. కృష్ణప్ప కలం పట్టుకున్నాడు.

"పెడతాండా. బావి కాడికి మాత్రం మా వీధిలో రావద్దు."

"మీ వీధిలోనే వస్తా. నా వంతు రోజు నీళ్లు తోడే కపిలెద్దుల్ని మీ వాకిలి ముందరే తోలుకుపోతా."

"సూడు సామీ, వీడి పొగురు."

"గడువు నాకు తెలుసు, పొగురు నాకెందుకప్పా? చిత్తూరు బొగ్గుబస్సుకు అప్పుడే పొయ్యి రాజేస్తాండారు. పెడతావా, పెట్టవా?"

కృష్ణప్ప పళ్లు బిగించి సంతకం గీశాడు. పాళీ కాగితాన్ని నిలువునా చీల్చుకుంటూ పోయింది.

వరదరాజులు ఆ కాగితం ఎత్తి వెలుతురుకు చూసి, కొత్తది తీసి మళ్లీ మొదటి వరుస నుంచి రాయడం మొదలుపెట్టాడు.

"ఈసారి మెల్లగా పెట్టు," అన్నాడు శామ్యూల్. "నేను యాడికీ పోను."