కోతి మెడలో ఎద్దు గంట

ఎల్లప్ప కోతిని చంపలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే ఆ తర్వాత నెల రోజులపాటు అతను కనిపించిన ప్రతి ఒక్కరికీ చెప్పుకున్నది అదే. వినేవాళ్లకు విసుగు పుట్టింది గాని అతనికి పుట్టలేదు.

అలిపిరికి కూతవేటు దూరంలో, కొండ కింద అతనికి రెండెకరాల చెనిక్కాయ చేను, అంటే వేరుశెనగ. గింజ పాలు పోసుకునే వేళకు కొండమీది కోతులకు ఎవరో పనిగట్టుకుని కబురు పెట్టినట్టే ఉంటుంది. నలభైకి తక్కువ కాకుండా దిగుతాయి. తిన్నంత తిని పోతే ఎవరూ ఏడవరు. ఒక చెట్టు పీకడం, రెండు కాయలు కొరకడం, పారేసి పక్క చెట్టు పీకడం. ఎల్లప్ప భార్య గురవమ్మకు రేకు డబ్బా కొట్టి కొట్టి చేతులు పడిపోయాయి. కొన్నాళ్లకు కోతులు ఆ చప్పుడుకు అలవాటుపడి, గెనుం గట్టు మీద వరసగా కూర్చుని, ఆమెను చూస్తూ తినసాగాయి.

ఆంజనేయుడి జాతి కనుక కోతిని చంపడానికి ఆ పక్క ఎవరికీ చెయ్యి రాదు. అందుకే పెద్దవాళ్లు ఒక ఉపాయం కనిపెట్టి పెట్టారు. మూతి సన్నటి ముంతను నేలలో పాతి, లోపల వేయించిన కాయలు పోస్తారు. కోతి చెయ్యి పెట్టి గుప్పెడు పట్టుకుంటుంది. గుప్పిట విప్పదు, చెయ్యి బయటికి రాదు. గోనెసంచి కప్పి పట్టుకుని, మెడకు గంట కట్టి వదిలేస్తారు. అంతే, ఇంకేం చేయరు. అది ప్రాణభయంతో తన మంద దగ్గరికి పరిగెత్తుతుంది. గంట చప్పుడుకు మంద బెదిరి పారిపోతుంది. ఇది వెంటపడుతుంది, అవి ఇంకా దూరం పోతాయి. రెండు రోజుల్లో చేను ఖాళీ అవుతుంది. దెబ్బా లేదు, నెత్తురూ లేదు.

గంటకు ఎల్లప్ప ఎక్కడికీ పోనక్కర్లేదు. నిరుడు చచ్చిపోయిన ఎర్రెద్దు గంట గూట్లో ఉంది. దాని జత గంట బతికున్న ఎద్దు మెడలో ఉంది. వాళ్ల నాయన రెండిటినీ ఒకే రోజు పోత పోయించి, లోపలి పక్క ఉలితో మూడేసి గాట్లు పెట్టించాడు. ఎర్రెద్దు గంటను తోలు పట్టెడకు గుచ్చి, ఒక మగకోతి మెడకు బిగించి, ఎల్లప్ప చేతులు దులుపుకున్నాడు.

పని చక్కగా జరిగింది. చేను బతికింది. బతికాక మొదలైంది అసలు తంటా.

పొద్దున లేస్తే కొండమీద గంట. మధ్యాహ్నం సంకటి ముద్ద నోట్లో పెట్టుకుంటే గంట. ఒకసారి ఈ బండమీద, ఒకసారి ఆ లోయలో. మొదట్లో ఆ గంట పరుగుపరుగున మోగేది. పది రోజులయ్యేసరికి ఆగి ఆగి మోగడం మొదలైంది. తర్వాత ఒకరోజు ఆ కోతి ఒంటరిగా దిగివచ్చి, చేని గట్టున రాతిమీద కూర్చుంది. ఒక్క కాయ పీకలేదు. మనుషుల వైపు చూస్తూ కూర్చుంది. ఎల్లప్పకు ఒళ్లు మండిపోయింది.

"ఏమే గురవా, ఇదెందుకు ఈడ కూసోనుండాది? నేనేమన్నా దాన్ని కొట్టినానా? తిట్టినానా?"

"కొట్టింటే బాగుండు," అంది గురవమ్మ. "ఒక దెబ్బతో పొయ్యుండు. దానికెవురుండారయ్యా ఇప్పుడు? అది పిలిస్తే పారిపోతాయి, ఏడిస్తే పారిపోతాయి. నువ్వు చేసింది పాపం."

"పాపమా? నేను సంపలేదే!"

గురవమ్మ గుప్పెడు కాయలు తీసుకుపోయి రాతిమీద పోసి వచ్చింది. కోతుల్ని తరమడానికి గంట కట్టిన ఇంట్లోనే కోతికి మేత పెట్టడమేమిటో ఎల్లప్పకు అర్థం కాలేదు. మేత వద్దని చెప్పడానికీ నోరు రాలేదు.

తిరుమల కొండకు జనం పోటెత్తే పెరటాసి నెల వచ్చింది. యాత్రికులు గోవిందలు కొడుతూ మెట్లెక్కుతున్నారు. అవి యుద్ధం రోజులు, ఇత్తడికి ఎక్కడలేని గిరాకీ. మెట్ల దారి పక్కన ఉన్న ఒక చిన్న ఆంజనేయుడి గుళ్లో గంటను ఎవడో మహానుభావుడు ఊడబీక్కుని పోయాడు. ఆ గొడవలో ఉండగానే, కోతి మెడలో గంట చూశామని యాత్రికులు చెప్పారు. కోతి మెడకు గంట ఎవరు కట్టారని అడిగితే ఊరంతా ఎల్లప్ప వైపే వేలు చూపింది.

కానిస్టేబులు దామోదరం చేనికే వచ్చాడు. "ఏరా ఎల్లప్పా, కోతి మెడలో గంట నువ్వు కట్టిందేనా?"

ఎల్లప్పకు పది రోజులుగా గురవమ్మ అంటున్న పాపం టోపీ పెట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడ్డట్టయింది. కాళ్లమీద పడిపోయాడు.

"తప్పయిపోయింది సామీ. నేనే చేసినా. పంట పోతాదని చేసినా. ఏం శిచ్చేస్తారో ఏసెయ్యండి."

ఇంత సులువుగా ఒప్పుకున్న దొంగను దామోదరం తన ఉద్యోగంలో చూసి ఉండడు. సంతోషంగా రాసుకున్నాడు. వేలిముద్ర కూడా వేయించుకున్నాడు. స్టేషనులో ఒకరోజు కూర్చోబెట్టి, ఎదురింటి మునిరామయ్య జామీను మీద వదిలారు.

మునిరామయ్యే అతన్ని వకీలు గుమాస్తా మునికృష్ణ దగ్గరికి తీసుకుపోయాడు. మునికృష్ణ కాగితాలు తిరగేసి, కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు.

"మూడేండ్ల దాకా పడొచ్చు ఎల్లప్పా."

ఎల్లప్ప లెక్క వేసుకున్నాడు. మూడేళ్లంటే మూడు పంటలు, ముసలెద్దు, గురవమ్మ. ఒక కోతికి మూడేళ్లా? అన్యాయం అనుకున్నాడు. రాతిమీద కూర్చున్న కోతి గుర్తొచ్చింది. దాని బతుక్కి మూడేళ్లు ఎక్కువా, తక్కువా? ఎంత ఆలోచించినా తేలలేదు. చివరికి మెల్లగా అన్నాడు:

"అంత పెద్ద తప్పంటారా సామీ? నేను దాన్ని సంపలేదు. మెడకు కట్టినా, అంతే."

"కోతి సంగతి ఎవరికి కావాలప్పా? గుడి గంట దొంగతనం చేసినావని కేసు."

"గుడి గంటా? అది మా ఎర్రెద్దు గంట సామీ!"

"మరి తప్పయిపోయిందని ఎందుకు ఒప్పుకుంటివి?"

"కోతి గురించి అడిగినారనుకుంటి."

మునికృష్ణ పెన్ను కింద పెట్టి కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వాక కళ్లు తుడుచుకుని, "పోలీసుల ముందర ఒప్పుకున్నది కోర్టులో నిలబడదులే. కానీ ఆ గంట నీదని రుజువు కావాల. గంట యాడుండాదో అది తీస్కరా. జత గంట గూడా తీస్కరా. ఇంకోమాట, కోర్టులో కోతి అన్న మాట ఎత్తొద్దు," అన్నాడు.

దొంగ కాదని తేలే దారి దొరికినందుకు ఎల్లప్ప సంతోషించాలి. సంతోషించాడు కూడా. కాని ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. తాను చేసిన పని గురించి ఎవరూ అడగలేదు. చేయని పనికి మూడేళ్లంటున్నారు.

మర్నాడు పొద్దున దామోదరం సాక్షిగా వచ్చి గట్టున నిలబడ్డాడు. ఎల్లప్ప ముంత పాతాడు. కోతి వచ్చింది. ముంతను చూసింది, దాని జోలికి పోలేదు. గురవమ్మ రోజూ కాయలు పోసే రాతిమీదే కూర్చుని చెయ్యి చాపింది. గోనెసంచి అక్కర లేకపోయింది. ఎల్లప్ప దగ్గరికి పోతే కదలలేదు. అతను వంగి పట్టెడ పట్టుకున్నాడు.

తోలు వానకు తడిసి, ఎండకు బిగుసుకుని, మెడ చుట్టూ కండలోకి దిగిపోయింది. చీము, ఈగలు. గంట ఊడగొట్టుకోవడానికి అదెంత పెనుగులాడిందో, వేళ్ల గోళ్లు రెండు లేవు. ఎల్లప్ప కత్తితో తోలు కోస్తుంటే అది పళ్లు కూడా చూపించలేదు. దానికి కోపం వచ్చి కరిచినా బాగుండేదని అతనికి అనిపించింది.

"కానీవయ్యా, పొద్దుపోతాది," అన్నాడు దామోదరం. గంట ఊడి రాగానే సంచిలో వేసుకుని, చీటీ రాసి ముద్ర వేశాడు. కోతి గురించి చీటీలో ఏమీ రాయలేదు.

కోర్టు వాయిదాకు ఇంకా పదిహేను రోజులున్నాయి. ఈలోగా మంద తిరిగి చేనుమీదికి దిగింది. గంట పోయిన కోతి దూరంగా కూర్చునేది. రోజుకో బారెడు దగ్గరికి జరిగేది. అవి పళ్లు చూపితే ఆగేది. గురవమ్మ డబ్బా కొట్టడం మానేసి అదే చూస్తూ కూర్చునేది. కళ్లెదుట పంట పోతోంది. అరవాలో, ఊరుకోవాలో ఎల్లప్పకు తోచలేదు. లేచి డబ్బా పట్టుకోవడం, మళ్లీ కింద పెట్టడం. అలా రోజుకు పదిసార్లు జరిగేది.

వాయిదా రోజున మేజిస్ట్రేటు రెండు గంటలూ బల్లమీద పక్కపక్కన పెట్టించుకున్నాడు. తిరగేసి, లోపల మూడేసి గాట్లు చూశాడు. గుడి పూజారిని పిలిచి అడిగితే, మా గంట దీనికి నాలుగింతలుంటుందన్నాడు. ఆ మాట మొదటిరోజే ఎవరైనా అడిగి ఉంటే సరిపోయేది. కేసు కొట్టేశారు. గంటలు రెండూ ఇప్పించేశారు.

అందరూ లేస్తున్నారు. ఎల్లప్ప బోనులోనే నిలబడి ఉన్నాడు. మునికృష్ణ రమ్మని సైగ చేస్తున్నాడు.

"సామీ, ఆ కోతి సంగతేంది?"

"ఏ కోతి?" అన్నాడు మేజిస్ట్రేటు.

"గంట కట్టినానే, ఆ కోతి. దాని మెడ కుళ్లిపొయ్యుండాది సామీ. అట్ల చేసినందుకు నాకు శిచ్చ ఏమీ లేదా?"

కోర్టు హాలంతా నవ్వింది. మేజిస్ట్రేటు మాత్రం నవ్వలేదు. ఒక క్షణం ఎల్లప్పను ఎగాదిగా చూశాడు.

"నీ ఎద్దును అట్ల హింసిస్తే జరిమానా వేసేవాడిని. ఇంట్లో కట్టేసి పెట్టుకున్న జంతువును హింసించినా వేసేవాడిని. అడవిలో తిరిగేదానికి నా దగ్గర చట్టం లేదు."

"అది నా చేతిలో ఉన్నప్పుడే కదా సామీ కట్టినాను? వదిలినాకే గదా అది అడివిది?"

మేజిస్ట్రేటు గోడ గడియారం వైపు చూశాడు. "ఆ మాట ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఇంటికి పో," అన్నాడు.

ఎల్లప్ప ఎండలో నడిచాడు. మూడేళ్లు తప్పాయి. కాళ్లు తేలికగా పడాలి, పడడం లేదు. ఎద్దయితే తప్పట, కోతయితే కాదట. నొప్పి రెండింటికీ ఒకటే కదా. అలాగని మూడేళ్లు వేసి ఉంటే ఒప్పుకునేవాడా? ఒప్పుకునేవాడు కాదు. పోనీ మూడు నెలలు? పంట ఉంది. మూడు రోజులు? అబ్బే, కోతికి అది ఏమూలకు! తనకు తానే మేజిస్ట్రేటై, తనకు తానే ముద్దాయై, చేను దాకా వచ్చేశాడు.

మంద చేన్లోనే ఉంది. ఆ కోతి ఈరోజు దూరంగా లేదు. మంద నడుమ బోర్లా పడుకుని ఉంది. ఒక ముసలి కోతి దాని మెడమీద మానుతున్న పుండు చుట్టూ వెంట్రుకలు తీసి పేలు చూస్తోంది. ఎల్లప్పకు ఒక్కసారిగా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గురవమ్మకు చెప్పాలని గబాలున గెనుం దూకాడు.

భుజం మీది తుండుగుడ్డలో గంటలు గణగణమన్నాయి.

మంద మొత్తం కీచుమని లేచి కొండమీదికి దౌడు తీసింది. ఆ ఒక్క కోతి మాత్రం పోలేదు. చటుక్కున లేచి కూర్చుని, రెండు చేతులా మెడ పట్టుకుంది. తడుముకుంది. ఏమీ లేదు. మళ్లీ తడుముకుంది. పోతున్న మంద వైపు చూస్తూ, వెంట పోవడానికి భయపడుతూ, తడుముకుంటూనే ఉంది.

ఎల్లప్ప తుండుగుడ్డలో చెయ్యి దూర్చి, గంటల నాలుకలు రెండూ గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు.

ఇంటి ముందు నుంచి గురవమ్మ కేక వేసింది. "ఏమయ్యా, శిచ్చ పడిందా, లేదా?"

గుప్పిట విప్పితే గంట మోగుతుంది. ఎల్లప్ప విప్పకుండా అక్కడే నిలబడ్డాడు.