తిరుగు వరుస

ఉదయం తొమ్మిదింటికి కంప్యూటరు తెరవగానే ఆమె చేసే మొదటి పని, బయలుదేరే విమానాశ్రయం అన్న గడిలో తమ ఊరి పేరు కొట్టడం. అక్కడి నుంచి ఆమె పనిచేసే సంస్థ విమానాలు వెళ్లే ఊళ్లన్నీ తెర మీద వరుసగా దిగేవి. ఏ ఊరి మీద నొక్కితే ఆ ఊరి గాలి తెర అంచు నుంచి వీచేది. వాన కురిసిన రోజుల్లో ఆఫీసు గదివాళ్లు ఎడారి ఊరు తెరిచి గొడుగులు ఆరబెట్టుకొనేవారు. పర్యవేక్షకురాలు తలనొప్పి వస్తే కొండ ఊరు తెరిపించుకొనేది. తెరిచిన ఊళ్లో తమవాళ్లున్నవారికి మాత్రం గాలి నేరుగా వాళ్ల ఇంట్లోంచే వచ్చేది.

ఆమె రోజూ నొక్కేది ద్వీపం ఊరు. రంపపు పొట్టు, వార్నిషు కలిసిన వాసన వచ్చేది. పడవలు చేసే అన్న ఇంకా పనిలోనే ఉన్నాడన్నమాట. రెండేళ్లుగా అతని సంగతి తెలిసే దారి అదొక్కటే. అమ్మకు జబ్బు ముదిరినప్పుడు, దూరాన ఉన్నవాడు కంగారు పడతాడని ఆమె కబురు చేయలేదు. అతడు వచ్చేసరికి అంతా అయిపోయింది. నాకిక చెల్లెలు కూడా లేదని చెప్పి గుమ్మంలోంచే వెళ్లిపోయాడు. తరువాత ఆమె రాసిన ఉత్తరాలు విప్పకుండానే తిరిగి వచ్చాయి.

ఆ బుధవారం బల్ల మీద ఉత్తర్వు ఉంది. ద్వీపానికి విమానాలు ఆగిపోయాయి. సాయంత్రం ఐదులోగా జాబితా నుంచి తీసేయాలి. తీసేసిన ఊరి గాలి ఇక రాదు.

ఆ రోజంతా ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. కిటికీ తెరిచింది, మూసింది. నీళ్లు తెచ్చుకొని తాగడం మరిచింది. అరగంటకొకసారి ద్వీపం తెరిచి ముఖం తెరకు ఆనించింది.

ప్రతి దారికీ రెండు వరుసలుంటాయి: ఇక్కడి నుంచి అక్కడికి ఒకటి, అక్కడి నుంచి ఇక్కడికి ఒకటి. దారి ఆగిపోతే రెండూ తీయాలని కొత్తవాళ్లకు మొదటిరోజే నూరిపోసేది ఆమే. ఒకరు తీస్తే మరొకరు సరిచూసి సంతకం చేయాలి. ఆమెకు జంట, వచ్చే ఏడాది పదవీ విరమణ చేయబోయే పెద్దాయన. ఎక్కడ కామా తప్పినా పట్టుకుంటారని ఆయనను కామాగారనేవారు.

"ఇంకాసేపు ఆగుదామా అండీ?" అంది, ఐదుకు పది నిమిషాలుండగా.

"ఆగితే ద్వీపం ఈదుకుంటూ వస్తుందా తల్లీ?" అన్నారాయన. అని, తన మాటకు తానే నొచ్చుకొని కళ్లద్దాలు తుడుచుకున్నారు.

ఆమె వరుస తీసేసింది. సగం పీల్చిన ఊపిరిలోనే వాసన తెగిపోయింది. అయిపోయిందండీ అని కుర్చీ వెనక్కి నెట్టి, ముఖం కడుక్కోవడానికి వెళ్లింది. కామాగారు తెర మీద వేలు జరుపుతూ ఒకచోట ఆగారు. తలుపు వైపు చూశారు. తరువాత, సరిచూసినట్టు సంతకం చేశారు.

ఆ వారమంతా ఆమె పొయ్యి మీద పాలు పెట్టి, గదుల్లో తిరుగుతూ మరచిపోయి, రోజూ మాడ్చింది. చిన్ననాటి అలవాటే. అప్పట్లో అమ్మ తిట్టేది, అన్న గిన్నె తోమేవాడు.

జాబితాలో తప్పులుంటే ప్రయాణికులు రాసి పంపేవారు. అవి చదవడమూ ఆమె పనే. తొమ్మిదో రోజు ఒకటి వచ్చింది.

"మీ జాబితాలో తప్పుంది. విమానాలు ఆగాయన్నారు, నిజమేనా అని మా ఊరి పేరు కొట్టి చూశాను. ఒక్క మీ ఊరే మిగిలింది. వెళ్లి చూస్తే విమానాశ్రయానికి తాళం. గాలి మాత్రం వస్తోంది, మాడిన పాల వాసనతో. రోజూనా? గిన్నె ఎవరు తోముతున్నారు? పడవలో బయలుదేరుతున్నాను, నాలుగు రోజులు పడుతుంది. అందాకా ఆ వరుస తీయకు."

ఆమె రెండుసార్లు చదివింది. కామాగారు తల తిప్పకుండానే అడిగారు.

"ఏం తల్లీ, ఏదైనా తప్పు దొర్లిందా?"

"దొర్లిందండీ."

"అయితే ఇద్దరిదీను."

ప్రతి ఫిర్యాదుకూ ఏదో ఒక జవాబు గుర్తించాలి: సరిదిద్దాము, లేదా పరిశీలిస్తున్నాము. ఆమె రెండోదాని మీద నొక్కింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి పాలు పొయ్యి మీద పెట్టి, పక్కగదిలో కూర్చుని, ఈసారి కావాలనే మరచిపోయింది.