రజియమ్మ చూపుడు వేలు

నేను ఒక కీబోర్డును. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు గానీ, కర్నూలు జిల్లాలోని ఒక మండల కార్యాలయంలో అట్టపెట్టెలోంచి బయటపడ్డ రోజు బాగా గుర్తుంది. నా మీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. టైపిస్టు రజియా తెల్లకాగితాన్ని చిన్న ముక్కలుగా కత్తిరించి, తెలుగు అక్షరాలు రాసి, ఒక్కో మీటకూ అంటించింది. ఏడాదికే అవి అరిగిపోయాయి. అప్పటికి ఆమెకు వాటితో పనీ లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ పది వేళ్లతో టకటకా కొట్టేసేది. మండలంలో అంత వేగం ఎవరికీ లేదని ఆమెకు గొప్ప. దాచడం దేనికి, నాకూ ఉండేది.

పద్దెనిమిదేళ్ల తర్వాత పైనుంచి కాగితం వచ్చింది. పాత ఫాంటుతోనే టైపు చేస్తారా, ఏ ఫోనులోనైనా కనిపించే కొత్త పద్ధతికి మారతారా, తేల్చి రాయమన్నారు. కొత్తదానిలో అక్షరాల చోట్లన్నీ వేరు. సూపరింటెండెంట్ ఉలిగయ్య మనసున్న మనిషి.

"రజియమ్మా, నీకింక రెండేండ్లే సర్వీసు. పాతదే ఉండనీమని రాస్తాలే," అన్నాడు.

ఆమె ప్రాణం కుదుటపడింది. మనుషులు అక్షరాలు నేర్చుకోవడానికి సిగ్గుపడరు, మళ్లీ నేర్చుకోవాలంటే మాత్రం చచ్చేంత సిగ్గు.

ఆ మధ్యాహ్నమే కంబగిరి అనే రైతు ఫోను పట్టుకుని వచ్చాడు.

"మేడం, ఇదేం బాస? మా ఊర్లో సదువుకున్నోళ్లందరికీ సూపిస్తి. ఎవురికీ తెలీకపాయ. నిన్న సర్వేయరు వచ్చి, నేను ల్యానని ఎనక్కి పోయినాడంట."

అది రజియా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టిన నోటీసే. పొలం కొలిచే తేదీ అందులో ఉంది. ఆ ఫాంటు లేని ఫోనులో అంతా చుక్కలూ గీతలూ కలిసిన పిచ్చిరాత. తప్పు లేకుండా కొట్టానని ఆమె అనుకుంది. ఒక్క అక్షరమూ ఆయనకు చేరలేదు.

"తప్పు నాదే పెద్దాయనా," అంది. లేచి ఉలిగయ్య బల్ల దగ్గరికి వెళ్లింది. "సార్, కొత్తదే రాయండి."

"ఈ వయసులో అయితాదా?"

"నిదానమైతాది. అంతే కదా సార్."

నన్ను పాత సామాను గదిలో పడేస్తారనుకున్నాను. ఆమె మళ్లీ కాగితం కత్తిరించింది, ఈసారి కళ్లజోడు పెట్టుకుని. కొత్తగా చేరినవాళ్లు చూస్తుండగానే ఒక్క చూపుడు వేలితో వెతుక్కుంటూ, సర్వేయరును అడిగిన కొత్త తేదీతో కంబగిరి నోటీసు మళ్లీ కొట్టింది. నాలుగు వరుసలకు గంట పట్టింది. పంపించి, ఫోను ముందు పెట్టుకుని కూర్చుంది.

కాసేపటికి ఫోను మోగింది.

"మేడం, ఎవురికీ సూపీలే. నేనే సదువుకొంటి. బేస్తవారం పొలంకాడే ఉంటా."

రజియా కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుని, తర్వాతి నోటీసుకు మొదటి అక్షరం నా మీద వెతకసాగింది. నేను కదలకుండా ఉన్నాను. నాకు మాత్రం ఏం తొందర?