లావు కాదు, బరువు

“బరువు లేదండీ,” అన్నారు ఫిజియో గారు.

బుజ్జమ్మకు ఒళ్లు మండిపోయింది. పోయిన ఆదివారమూ ఇదే మాట, ఆ ముందు ఆదివారమూ ఇదే మాట. వారమంతా ఆఫీసు నుంచి వచ్చి, మణికట్టు పీకుతున్నా లెక్క చేయకుండా టాబ్లెట్ ముందు కూర్చుని, బల్లెం పట్టుకుని నిలబడ్డ యోధుడి బొమ్మ వేసింది. కండలు తీర్చింది. మోకాలి చిప్పలు దిద్దింది. కాలి వేళ్లకు గోళ్లు కూడా పెట్టింది. ఇంతా చూసి ఆ పెద్దమనిషి కళ్లజోడు నుదుటి మీదకు తోసుకుని, తాపీగా, బరువు లేదంటాడు!

“అంటే ఏంటండీ? బొమ్మను తక్కెట్లో వెయ్యాలా?” అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అంతలో మ్యాథ్స్ మేడమ్ ఫోను తెరలోంచే వేలెత్తి చూపించారు. ఆ వేలికి అర్థం అందరికీ తెలుసు. బొమ్మ వేసినవాళ్లు నోరు విప్పకూడదు. చూసినవాళ్లు తలా ఒక్క మాట చెప్పాలి, రెండోది చెప్పకూడదు. ఈ నియమం పెట్టింది ఆవిడే.

ఆ ఆదివారం గుంపులో ఉన్నది నలుగురు. టాబ్లెట్ మీద మనుషుల బొమ్మలు వేయడం నేర్పే ఒక క్లాసులో పరిచయమై, క్లాసు అయిపోయాక కూడా వారానికోసారి వీడియో కాల్‌లో కలుసుకుని ఎవరి బొమ్మ వాళ్లు చూపించుకునేవారు. ఫిజియో గారికి నడుం నొప్పులకీ మోకాళ్లకీ వైద్యం చేసే క్లినిక్ ఉంది. మేడమ్ కాలేజీలో లెక్కలు చెబుతారు. ముఖాలంటే భయం కాబట్టి ఎప్పుడూ వీపులే వేస్తారు. నాలుగో ఆయన ఏ బొమ్మ పెట్టినా “సూపరండీ” అంటాడు గనక ఆయన పేరు సూపర్ గారు అయిపోయింది.

ఇక బుజ్జమ్మ. ముప్పై దాటినా, ఆఫీసులో తన కింద ఇద్దరు పనిచేస్తున్నా, ఇంట్లో ఆమె బుజ్జమ్మే. అక్కా బావల ఇంట్లో వెనక గది ఆమెది. బట్టల కంపెనీలో ఫొటోలు దిద్దే ఉద్యోగం. మోడల్ చొక్కా మీద ముడత ఉంటే తీసేయాలి, మెడ మీద మచ్చ ఉంటే తీసేయాలి, మనిషి చుట్టూ ఉన్నదంతా కత్తిరించి తెల్లగా చేసేయాలి. పొద్దున్నించి సాయంత్రం దాకా చెరపడమే పని. ఇంటికొచ్చాక ఏదైనా వేయాలనిపించేది అందుకేనేమో.

ఆ సాయంత్రం బావను వసారాలో నిలబెట్టింది. బావ లిఫ్టు మెకానిక్కు. సెలవు రోజు కాస్త నడుం వాల్చుదామనుకున్నవాడి చేతికి నేల తుడిచే కర్ర వచ్చింది.

“బల్లెం అనుకో బావా. గట్టిగా పట్టుకో. కాళ్లు దూరంగా పెట్టు.”

“ఎవడి మీదకి యుద్ధం?”

“ఫిజియో గారి మీదకి.”

“అయితే ఓకే. కానీ తొందరగా కానియ్. కాలు తిమ్మిరెక్కుతోంది.”

“కదలకు!”

వంటింటి గుమ్మంలోంచి అక్క తొంగి చూసింది. “ఆ కర్ర అక్కడున్నంతసేపూ నా పని ఎట్లా అవుతుందే? ఇల్లు తుడవొద్దా?”

బరువు లేదన్నాడు కదా, బరువు పెడదామని బుజ్జమ్మ తొడలు దుక్కల్లా వేసింది. పిక్కలు ఉబ్బించింది. అడుగుల కింద నీడ నల్లగా పులిమింది. బావ వచ్చి చూసి, “నన్ను పిండిబస్తా చేశావు గదే,” అని నొచ్చుకున్నాడు.

మళ్లీ ఆదివారం వచ్చింది.

“సూపరండీ,” అన్నాడు సూపర్ గారు.

“చెయ్యి కర్రను పట్టుకోలేదు, ఆనుకుని ఉంది,” అన్నారు మేడమ్.

ఫిజియో గారు చాలాసేపు చూశారు. “లావు చేశారండీ. బరువు మాత్రం రాలేదు.”

ఇక ఆగలేకపోయింది. “ఊరికే బరువు, బరువు అంటే నేనెక్కడ వెతకనండీ? ఏం తక్కువైందో చెప్పండి, సరిచేసుకుంటాను! అంతే తప్ప...”

“నియమం,” అన్నారు మేడమ్.

బుజ్జమ్మ కాల్ కట్ చేసేసింది. అప్పటికి అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. ఆ వారం ఫిజియో గారు పెట్టిన బొమ్మను దించుకుని తెరిచింది. కుర్చీలో కూర్చున్న నడివయసు ఆడమనిషి. మనిషి కూర్చున్న తీరు బాగానే ఉంది గానీ, రంగులన్నీ బురద. పైగా మూతి ఒక పక్కకి జారిపోయి ఉంది. నాకు వంకలు పెట్టే మనిషికి మూతి కూడా తిన్నగా వేయడం రాదన్నమాట, అనుకుంది కసిగా. చెయ్యి తిరిగిన పని కాబట్టి ఎంతోసేపు పట్టలేదు. రంగులు తేట చేసింది, బుగ్గ మీద గీతలు సాపు చేసింది, జారిన మూతిని పైకి లాగి రెండో వైపుతో సమం చేసింది. గుంపు చాట్‌లో పెట్టి కింద ఇలా రాసింది: “ఇలా ఉంటే బాగుంటుందేమో చూడండి.”

“సూపరండీ,” అని వెంటనే వచ్చింది.

ఫిజియో గారి నుంచి మర్నాడు ఒక్క మాట వచ్చింది. “చూశాను.”

తరవాతి ఆదివారం ఆయన కాల్‌లోకి రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

మొదట బుజ్జమ్మకు ప్రాణం హాయిగా అనిపించింది. నడుస్తున్న మనిషిని వేసింది, మెట్లు దిగే మనిషిని వేసింది. సూపర్ గారు సూపరన్నాడు. మేడమ్ ఒకసారి మోచేయి, ఒకసారి జుట్టు అన్నారు. దిద్దుకుంది. దిద్దుకున్నాక చూస్తే మెట్లు దిగే మనిషి మెట్ల మీద లేడు. మెట్లు ఓ పక్క, మనిషి ఓ పక్క. గాలిబుడగకు చొక్కా తొడిగినట్టున్నాడు. ఎక్కడ తేడా కొడుతోందో తెలియలేదు. చెప్పేవాళ్లూ లేరు.

“ఇందులో సూపర్ ఏంటండీ? ఒక్కటి చెప్పండి,” అని సూపర్ గారిని నిలదీసింది.

“అంతా సూపరేనండీ.”

“కాళ్లు?”

“కాళ్లూ సూపరే.”

బుజ్జమ్మ ఫోను మంచం మీదకి విసిరేసింది. ఇంట్లో ఎవరు పలకరించినా కసురుకుంటోంది. అన్నం దగ్గర కూడా టాబ్లెట్టే. చివరికి అక్కకే విసుగొచ్చింది. “ఆయన చెబితే పడదు, చెప్పకపోతే తోచదు. మా ప్రాణాలు తోడే బదులు వెళ్లి ఆయన్నే అడగరాదూ?”

“నేనేం అడగను.”

అన్నదే గానీ, మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ దారిలో దిగి క్లినిక్‌కి వెళ్లింది.

మెట్ల కింద చిన్న హాలు. గోడకి నిచ్చెనలాంటి చట్రం, నేల మీద నీలం చాపలు, మూల రబ్బరు బంతులు. ఫిజియో గారు ఒక ముసలాయన మోకాలు వంచుతూ, చాపుతూ ఉన్నారు. ఆమెను చూసి, “కూర్చోండి, వస్తున్నా,” అన్నారు. ఫోనులో కంటే పొట్టిగా ఉన్నారు.

ముసలాయన వెళ్లిపోయాక బుజ్జమ్మ లేచి నిలబడింది. క్షమించమని అడగడం ఆమెకు చేతకాని పని. “మీ బొమ్మ మీద అట్లా చెయ్యి పెట్టకుండా ఉండాల్సింది,” అంది, తప్పు ఆయనదే అన్నంత విసురుగా.

“రంగులు బాగా చేశారండీ. నిజంగానే నాకు రంగులు రావు,” అన్నారు ఆయన. కాస్త ఆగి, “మూతి మాత్రం... ఆవిడ నా పేషెంటు. ముఖానికి ఒక పక్క పక్షవాతం. అడిగి, ఒప్పుకున్నాకే వేశాను. ఆ జారిన మూలను పట్టుకోవడానికే నాకు రెండు నెలలు పట్టింది. జారింది కానీ ఆవిడ నవ్వుతోంది, ఆ రెండూ ఒకేసారి రావాలి. మీరు లాగి సమం చేసేశారు. చూడగానే నాకు... ఏమనాలో తెలియలేదు.”

 ఆ జారిన మూతి నవ్వుతోందని బుజ్జమ్మ చూడనే లేదు. చెరపాల్సిన మచ్చలా కనిపించింది, చెరిపేసింది.

“తప్పైపోయిందండీ,” అంది ఈసారి. మాట తిన్నగానే వచ్చింది.

ఆయన తలూపి, మూల నుంచి బరువు చూసే బల్లలు రెండు తెచ్చి పక్కపక్కన పెట్టారు. “వచ్చారు కాబట్టి ఒకసారి చెప్పులు విప్పి నిలబడండి. ఒక్కో దాని మీద ఒక్కో కాలు. సమానంగా.”

నిలబడింది. కిందికి చూస్తే ముళ్లు రెండూ ఒక చోట లేవు. ఎడమ వైపుది బాగా ముందుకు పోయింది.

“నేను సమంగానే నిలబడ్డానే!”

“అందరూ అలాగే అనుకుంటారు. ఇప్పుడు తల తిప్పి తలుపు వైపు చూడండి. చూస్తూ ఉండండి... కుడి చేత్తో మీ సంచి ఎత్తండి.”

తలుపు పక్కనున్న నిలువుటద్దంలో కనిపించింది. తల తిప్పేసరికి ఒక ముల్లు ఇటు, సంచి ఎత్తేసరికి రెండోది అటు. ఆమె అడుగు కదపలేదు. లోపల మాత్రం తుంటి ఒకటి పైకి లేచింది, భుజం ఒకటి కిందికి దిగింది, నడుం తనంతట తానే వంగింది.

“మీ బొమ్మల్లో మనిషి ఏ కాలు మీద నిలబడ్డాడో నాకెప్పుడూ తెలియలేదండీ,” అన్నారు ఫిజియో గారు. “అదీ నా గోల.”

బుజ్జమ్మ బల్లల మీదే నిలబడి ఆయన కేసి చూసింది. “ఈ ముక్క మొదటి వారమే చెప్పి ఉండొచ్చు కదండీ! నేను తొడలు లావు చేసుకుంటూ చచ్చాను!”

“చెబుదామనే అనుకున్నాను. కానీ ఒక్క మాటే చెప్పాలి అన్నారు కదా మేడమ్.”

కోపం రావాలో నవ్వు రావాలో ఆమెకు తెలియలేదు. కోపమే ఎక్కువ వచ్చింది.

మర్నాడు ఆఫీసులో, స్వెట్టరు వేసుకున్న మోడల్ ఫొటో ముందుంది. అలవాటుగా కాళ్ల కింద నేలను కత్తిరించింది, నీడ తీసేసింది. మనిషి తెల్లటి శూన్యంలో వేలాడుతున్నాడు. చేతిలో పెన్ను ఆగిపోయింది. ఎన్నేళ్లుగా మనుషుల కాళ్ల కింద నుంచి నేల లాగేస్తోంది తను! “ఇంకా నీడ మిగిలింది, శుభ్రంగా తీసెయ్,” అన్నాడు వెనక నుంచి మేనేజరు. తీసేసింది. జీతం అందుకే కదా.

కానీ ఆ వారమంతా బస్టాపులో, లిఫ్టు దగ్గర, బిల్లు కట్టే వరుసలో ఎవరు కనిపించినా వాళ్ల కాళ్ల కేసే చూసింది. కుడా? ఎడమా? ఇంటికొచ్చి గుర్తున్నంత మేరకు గీసింది. సగం కుదరలేదు. మూడొంతులు కుదరలేదన్నా తప్పు లేదు. ఒకావిడ పక్కకి పడిపోతున్నట్టు వచ్చింది. ఒకాయనకు రెండు కాళ్లూ ఎడమవే వచ్చాయి.

శుక్రవారం బావ పనిలోంచి వచ్చి, గుమ్మంలో గోడకి చెయ్యి ఆనించి, ఒంటి కాలు మీద నిలబడి బూటు లాక్కుంటున్నాడు.

“బావా, అట్లాగే ఉండు!”

“బూటు సగమే ఊడిందే!”

“అదే కావాలి. ఆ సగమే ఉంచు.”

“ఏవండీ, బుజ్జమ్మ వదిలితే కాళ్లు కడుక్కురండి,” అంది అక్క లోపల్నించి. వదిలేసరికి చాలాసేపైంది. బావ ఆ కాలితో ఆ పూటంతా కుంటుతూనే ఉన్నాడు.

ఆదివారం కాల్‌లోకి ఫిజియో గారు వచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. బుజ్జమ్మ బొమ్మ పెట్టింది. గోడ, గోడ మీద అరచెయ్యి, వంగిన నడుం, సగం ఊడిన బూటు. 

“పాపం, బాగా అలిసిపోయినట్టున్నాడు. ఎవరండీ ఆయన?” అన్నాడు సూపర్ గారు.

గుంపు మొదలైనప్పటి నుంచీ ఆయన నోట వచ్చిన మొదటి వేరే మాట అది. 

“గోడ రంగు, చొక్కా రంగు కలిసిపోయాయి,” అన్నారు మేడమ్.

ఫిజియో గారు కళ్లజోడు పైకి తోసుకున్నారు. దించుకున్నారు. మళ్లీ చూశారు.

“మెడ,” అన్నారు.

అంతే! బరువు గురించి ఒక్క ముక్క లేదు. వచ్చిందనీ అనలేదు, రాలేదనీ అనలేదు. బుజ్జమ్మ పళ్లు బిగబట్టుకుని వింది, పక్కనున్న కాగితం మీద మెడ అని రాసుకుంది, కాల్ అయ్యేదాకా ఓపిక పట్టింది. అయ్యాక నేరుగా వంటింట్లోకి వెళ్లింది.

“అక్కా, ఒకసారి తల కిందికి వంచి పక్కకి తిప్పవే.”

“పొయ్యి మీద నూనె కాగుతోంది. పో అవతలికి.”

అద్దం పట్టుకుని వెనక గదిలోకి వెళ్లిపోయింది. మెడ వంచి, తిప్పి, చూసుకుంటూ గీసింది. మొదటిది కొంగ మెడలా వచ్చింది. చెరిపేసి, తిట్టుకుంటూ రెండోది మొదలుపెట్టింది.