పెండ్లి తివాచీ మీద పడవ

లింగారావు పడవకు మూడేళ్లలో రెండుసార్లు అడుగు పగిలింది. ట్రైలర్ మీద పడవను మోసే రబ్బరు రోలర్లు నాలుగంటే నాలుగు. ఖానాపూర్ నుంచి కడెం జలాశయం దాకా గతుకుల్లో బరువంతా ఆ నాలుగు చోట్లే ఒత్తి, ఫైబర్ చీలిపోయేది. రెండోసారి చీలమండల దాకా నీళ్లెక్కిన పడవలోంచి దిగిన లీలాబాయి, తడిసిన చీర పిండుకుంటూ మొగుడికి ఆఖరి మాట చెప్పేసింది.

"ఇంకొక్కసారి కారిందనుకోండ్రి, గిది బర్లకు కుడితి తొట్టి. చెప్తున్న."

లీలాబాయి మాటంటే మాటే. లింగారావు ఇదివరకు ముచ్చటపడి తెచ్చిన పాత జీపు సీట్లలో ఇప్పుడు ఆమె కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. పడవలో కూర్చుని గాలం వేసే ఆదివారాలు కూడా పోతే ఆయనకు ఇక బతుకులో రుచే ఉండదు. అందుకే వెల్డింగ్ యెషయా దగ్గరికి పరుగెత్తాడు.

యెషయా రోలర్లు పీకేసి, వాటి చోట పడవ పొడవునా రెండు చెక్క దూలాలు బిగించాడు. "రాళ్ల మీద పండుడు వేరు, మంచం మీద పండుడు వేరు పటేలా," అన్నాడు. దూలాలకు మెత్తగా ఉండాలని వాళ్ల చర్చిలో తీసేసిన ఎర్ర తివాచీ కోసి చుట్టాడు. "గీ తివాచి మీద ఇరవై ఏండ్లు పెండ్లిపిల్లలు నడిచిన్రు. ఒక్కలు జారలే!"

లింగారావు మురిసిపోయాడు. మెలికంతా ఆ మాటలోనే ఉందని ఆదివారం పొద్దున ఒడ్డు మీద తెలిసింది.

రోలర్లున్నప్పుడు తాడు విప్పి ఒక్క తోపు తోస్తే చాలు, పడవ జర్రున నీళ్లలోకి పోయేది. ఇప్పుడు లింగారావు, యెషయా ఇద్దరూ భుజాలు పెట్టి తోసినా అంగుళం కదల్లేదు.

"ట్రైలర్‌ను ఇంక జర నీళ్లల్లకు దించాలె పటేలా. పడవ దానంతటదే లేస్తది."

"చక్రాలు తడవద్దు, గ్రీజు పోతది! మా బాపు ఎడ్లబండికి కందెన పెట్టిన చేతులివి, నాకు చెప్తవా?" అంటూ లింగారావు ఆముదం సీసా తీసి తివాచీ మీద బోర్లించాడు. తివాచీ చుక్క మిగల్చకుండా తాగేసింది. పడవ కదల్లేదు. ఆముదం తాగిన మొహం మాత్రం లింగారావుది.

లీలాబాయి టిఫిన్ డబ్బాలో బియ్యప్పిండి రొట్టెలతో వచ్చి తీరిగ్గా పడవెక్కి కూర్చుంది. "గిట్లనే మంచిగున్నది. మునుగుతమన్న ఫికర్ లేదు. సర్వప్ప తింటరా?"

ఉడుక్కున్న లింగారావు ట్రైలర్ కట్టిన ట్రాక్టర్ ఎక్కి కోపంగా వెనక్కి పోనిచ్చాడు. చక్రాలు మునిగాయి, దూలాలు మునిగాయి. పడవ నిద్రలేచినట్టు మెల్లగా తేలి, లీలాబాయితో సహా, యెషయా పట్టుకున్న తాడు బిగిసేదాకా లోపలికి జరిగింది.

లింగారావు ట్రాక్టర్ ఆపాడు. కిందికి దూకి ఒడ్డు మీంచే అరిచాడు. "అడుగున నీళ్లేమన్న వస్తున్నయా?"

లీలాబాయి వంగి అడుగంతా అరచేత్తో తడిమింది. చెయ్యి ఎండకు పట్టి చూసుకుంది. తర్వాత డబ్బా మూత తీసి ఒక ముక్క నోట్లో వేసుకుంది. మొగుడు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడని తెలిసే అంత నిదానంగా నమిలింది.

"ఓ యెషయా," అంది, లింగారావు వైపు చూడకుండానే. "నీ కాడ మిగిలిన ఇనుముతోని మా బర్లకు వేరే తొట్టి చేసియ్యి."

చక్రాలే తడవద్దన్న మనిషి చెప్పులతోనే నీళ్లలోకి దిగిపోయాడు.